చెన్నైలోని తెలుగు సంఘాన్ని ఇంటింటి పరామర్శతో బలపరచుకోవడం ఎలా

చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాలలో ఆదివారం ఉదయం పక్కపక్కన కూర్చునేవారు ఒక్క ఊరివారు కారు. వ్యాసర్పాడి, పులియంతోపు, రాయపురం పేటలలో తరతరాలుగా ఉన్నవారు, 1955లో మొదలైన పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవారు, షోలింగనల్లూరు, నావలూరు వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు కొత్తగా వచ్చిన దంపతులు, నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చదువుకు, వైద్యానికి వచ్చి కొన్ని నెలలు మాత్రమే ఉండేవారు అందరూ ఒకే పాట పాడి, ఒకే ఆశీర్వాదం అందుకొని, ఎవరి బస్సు వారు ఎక్కి వెళ్ళిపోతారు. పక్కవారి పేరు తెలియకుండానే ఏడాది గడిచిపోవచ్చు. ఇలాంటి సంఘంలో ఆరాధన చక్కబడాలన్నా, బయటివారికి సేవ చేయాలన్నా, పిల్లలు విశ్వాసంలో ఎదగాలన్నా కొత్త కార్యక్రమాలతో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ముందు మనుషులు తెలియాలి. సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు, యవనస్థుల నాయకులు ఏ పని తరువాత ఏ పని చేపట్టాలో ఆ వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు: ఇళ్లకు వెళ్ళండి

బడులు తెరిచే జూన్‌లో మొదలుపెట్టి, చెన్నైకి పెద్ద వానలు పట్టుకోకముందే, అంటే సెప్టెంబరు ఆఖరుకల్లా, సంఘంలోని ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్ళి రావాలి. అయ్యగారు, అంటే సంఘ కాపరి, ఒక్కరే ఈ పని చేయాలంటే ఎప్పటికీ తెమలదు. పెద్దలలోనూ స్త్రీల సమాజంలోనూ ఓపికగా వినగలిగినవారిని ఎంచి, ఇద్దరిద్దరిని పంపండి. యేసు ప్రభువు కూడా శిష్యులను ఇద్దరిద్దరినిగానే ఊళ్లకు పంపాడు. ఒంటరిగా ఉండే స్త్రీ ఇంటికి వెళ్ళే జంటలో తప్పనిసరిగా ఒక స్త్రీ ఉండాలి. ముందుగా ఫోను చేసి, ఆ ఇంటివారికి వీలైన వేళ అడిగి, అరగంటకు మించకుండా కూర్చోండి. ఒక చిన్న కీర్తన చదివి, వారు చెప్పిన విషయాలను బట్టి ప్రార్థన చేసి లేవండి. చందా పుస్తకం మాత్రం వెంట తీసుకువెళ్ళవద్దు. మొదటిసారి ఇంటికి వచ్చినవారు సంఘ చందా బాకీ ఎత్తారంటే, ఆ తరువాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఇంటివారు మిమ్మల్ని వసూలుకు వచ్చినవారిగానే చూస్తారు.

ఇంటికి వచ్చాక, ఒక పెద్ద నోటుపుస్తకంలో ఆ కుటుంబానికి ఒక పేజీ కేటాయించి వివరాలు రాయాలి. పేర్లు, సొంత ఊరు, అక్కడి సంఘం, పని వేళలు, సెలవు రోజు, గుడికి ఏ రైలులో లేక ఏ బస్సులో వస్తారు, తెలుగు చదవగలిగినవారు ఎవరు, తమిళం బాగా వచ్చినవారు ఎవరు, మంచం పట్టిన పెద్దవారు ఉన్నారా, ఇల్లు ఏ అంతస్తులో ఉంది అన్న సంగతులు తరువాతి పనులన్నింటికీ ఆధారమవుతాయి. రాస్తున్నామని వారికి చెప్పి, వారు ఒప్పుకున్నవే రాయండి. అప్పులు, భార్యాభర్తల మధ్య కలతలు, జబ్బు పేర్లు ఈ పుస్తకంలోకి రాకూడదు. పుస్తకం గుడిలోని బీరువాలో ఉండాలి గాని, అందులోని పేజీలు ఫోటోలుగా వాట్సాప్ గ్రూపులలో తిరగకూడదు.

అక్టోబరు: గృహ కూటాలను రైలు మార్గాన్ని బట్టి ఏర్పరచండి

చాలా సంఘాలు గృహ కూటాలను వార్డులవారీగా విడదీస్తాయి. చెన్నైలో మనుషులు తిరిగేది వార్డుల లెక్కన కాదు, లోకల్ రైళ్ల లెక్కన. అంబత్తూరు, ఆవడి వారు అరక్కోణం మార్గంలో, ఎన్నూరు వారు గుమ్మిడిపూండి మీదుగా సూళ్లూరుపేట వరకు పోయే మార్గంలో, క్రోంపేట, తాంబరం వారు బీచ్ నుంచి చెంగల్పట్టు మార్గంలో ఉంటారు. ఒకే మార్గంలో ఉన్న ఎనిమిది పది కుటుంబాలను ఒక కూటంగా కలిపితే, రాత్రి ప్రార్థన ముగిశాక ఆడవారు, పెద్దవారు ఒకే రైలులో కలిసి ఇళ్లకు చేరగలుగుతారు. రైలు అందని పాత మహాబలిపురం రోడ్డు వారికి వేరే కూటం కావాలి. వారికి వారం మధ్యలో కంటే శనివారం సాయంత్రం అనుకూలంగా ఉంటుంది.

కూటం పదిహేను రోజులకు ఒకసారి జరిగితే చాలు. వారం వారం పెట్టి మూడో నెలలో ఆగిపోవడం కంటే ఇది మేలు. మార్కు సువార్తతో మొదలుపెట్టమని నా సలహా. అందులో 16 అధ్యాయాలే ఉన్నాయి కనుక పదిహేను రోజులకు ఒక అధ్యాయం చొప్పున చదివితే సుమారు ఎనిమిది నెలల్లో పూర్తవుతుంది. ఒకరు గట్టిగా చదువుతారు, చదువురానివారితో సహా అందరూ వింటారు, పుస్తకం మూసి ఎవరో ఒకరు ఆ కథను తమ మాటల్లో తిరిగి చెబుతారు. ఆ తరువాత మూడే ప్రశ్నలు: ఇందులో ప్రభువు ఏమి చేశాడు, మన బతుకు ఇందులో ఎవరి బతుకులా ఉంది, వచ్చే కూటంలోపు మనం ఏమి చేద్దాం. నడిపించేవారు ప్రసంగం చేయకూడదు. ఇది చెప్పడం తేలికే గాని పాటించడం కష్టం, ఎందుకంటే మన పెద్దలలో చాలామందికి వాక్యం విప్పి చెప్పడం వచ్చు గాని, ఎదుటివారు తడుముకుంటూ చెబుతున్నప్పుడు మౌనంగా ఉండడం అలవాటు లేదు. ఇళ్లలో పాత్రలు తోమి బతికే ఒక అమ్మ, రక్తస్రావం గల స్త్రీ జనసమూహంలో వెనుక నుంచి వచ్చి ప్రభువు వస్త్రాన్ని ముట్టిన సంగతిని తన మాటల్లో చెప్పేటప్పుడు, ఆమె ఆగిన చోట ఎవరూ మాట అందించకుండా వేచి ఉంటే ఆమె చెప్పవలసినది చెప్పగలుగుతుంది.

టీ తప్ప మరేమీ పెట్టకూడదనే నియమాన్ని మొదటి రోజే చెప్పి గట్టిగా పాటించండి. ఒక ఇంట్లో గారెలు, కేసరి పెడితే తరువాతి ఇంటివారు బిర్యానీ పెడతారు. మూడో ఇంటివారు ఏదో సాకు చెప్పి తమ వంతు తప్పించుకుంటారు. ఒక్క గది ఇంటిలోనూ కూటం జరగాలి. కుర్చీలు లేకపోతే అందరూ చాప మీద కూర్చోవాలి. ఎవరి ఇంట్లో మంచినీళ్లు తాగుతారు, ఎవరి ఇంట్లో తాగరు అన్నదానిలో కులం బయటపడే అవకాశం ఉంది గనుక, పెద్దలు ఏ ఇంట్లోనైనా ముందుగా తామే టీ అందుకొని తాగాలి. కులాన్ని గడప బయట వదలని కూటానికి వాక్యం చదివే అర్హత లేదని నేను నమ్ముతాను.

ప్రార్థన అంశాలను చిన్న పుస్తకంలో తేదీతో రాసి, తరువాతి కూటంలో ముందుగా వాటి సంగతి అడగండి. పరీక్ష రాసిన పిల్లవాడిని ఫలితం అడగకుండా కొత్త అంశాలు తీసుకుంటే, ముందు చేసిన ప్రార్థన మాటవరసకు చేసినట్లవుతుంది.

ఆదివారపు ఆరాధనను సిద్ధపరచండి

ఆరాధన సిద్ధపాటు గురువారం మొదలు కావాలి. వేదపాఠాలు చదివేవారికి ఆ రోజే వాక్యభాగం తెలియజేయండి. పెంతెకొస్తు ఆదివారం అపొస్తలుల కార్యముల రెండో అధ్యాయాన్ని అప్పటికప్పుడు మైకు ముందు తెరిచినవారు పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, మెసొపొతమియ వారు అని వరుసగా వచ్చే పేర్ల దగ్గర తడబడతారు. వినేవారు పేర్లు ఎప్పుడైపోతాయా అని చూస్తారే గాని, ప్రతివాడూ తన సొంత భాషలో దేవుని గొప్పకార్యాలు విన్నాడనే అసలు సంగతి వారికి అందదు. పరాయి నగరంలో సొంత భాషలో ఆరాధించే సంఘానికి ఇంతకంటే దగ్గరి వాక్యభాగం ఏముంది? చదివేవారు ఇంట్లో పైకి మూడుసార్లు చదువుకోవాలి, పొడుగు వాక్యంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి, మైకుకు జానెడు దూరంలో నిలబడాలి.

పాటల విషయంలో పెద్దవారికి, యవనస్థులకు మధ్య తగవు రాకుండా ఉండదు. ఒకరు హార్మోనియం మీద పాత కీర్తనలు కావాలంటారు, మరొకరు కీబోర్డు మీద కొత్త పాటలు కావాలంటారు. సగం సగం పంచి ఇద్దరినీ ఊరుకోబెట్టడం కంటే, నెలకు ఒక పాత కీర్తనను పెద్దవారి నోట విని, ఫోనులో రికార్డు చేసుకొని, ఆ రాగం చెడకుండా నేర్చుకోమని యవనస్థులకు అప్పగించండి. ఇప్పుడు ఎనభై దాటిన అమ్మమ్మలు పుస్తకం చూడకుండా అన్ని చరణాలూ పాడగలరు. ఆ వరుసలు చాలావరకు కాగితం మీద లేవు, వారి గొంతులోనే ఉన్నాయి. ఈ పని వాయిదా వేయదగినది కాదు. కొత్త పాటలను కూడా తప్పక పాడండి, అయితే ఒక్కో పాటను వరుసగా కొన్ని ఆదివారాలు పాడితేనే సంఘానికి నోటికి వస్తుంది.

విన్నపాల ప్రార్థనకు కుటుంబాల పుస్తకం పనికివస్తుంది. ఈ వారం ఫలానా వీధిలోని కుటుంబాలు, వచ్చే వారం మరో వీధివారు అని వరుస పెట్టుకొని, వారి అనుమతితో పేరుపేరునా ప్రార్థించండి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది ఈ నగరంలోనే, సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో. ఆ సంఘం 1950లో సిద్ధపరచిన ప్రభు భోజన క్రమంలో సమాధానాన్ని, అంటే క్రీస్తు శాంతిని, చేతి నుంచి చేతికి అందించుకునే భాగం ఉంది. మీరు ఏ సంఘానికి చెందినవారైనా ఆ భాగాన్ని హడావిడిగా ముగించవద్దు. పక్కవారి పేరు అడిగి, ఆ పేరుతోనే వారికి సమాధానం చెప్పే అలవాటు చేయండి. కొత్తగా వచ్చినవారిని నిలబెట్టి మైకులో పరిచయం చేసుకోమనడం మంచి పద్ధతి కాదు. బిడియస్థులు మరుసటి వారం రారు. ఆశీర్వాదం తరువాత వారి దగ్గరకు వెళ్ళడానికి ఇద్దరిని ముందుగా నియమించండి.

తెల్లవారకముందే చీపురు పట్టుకొని వీధుల్లోకి వెళ్ళే పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలు ఉత్తర చెన్నైలోని తెలుగు సంఘాలలో ఎందరో ఉన్నారు. ఉదయపు ఆరాధనకు వారు రాలేరు. నెలకు ఒక్కసారైనా సాయంత్రం ప్రభువు బల్ల, అంటే ప్రభు భోజనం, జరగాలి. మంచం మీద ఉన్నవారికి ఆ వారంలోనే ఇంటికి తీసుకువెళ్ళి అందించాలి.

పిల్లలకు తెలుగు చదవడం నేర్పండి

2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు పాఠశాలల్లో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలు తమిళం, ఇంగ్లీషు చక్కగా చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు బైబిలు మాత్రం తెరిచి చదవలేరు. ఇది వారి తప్పు కాదు, వారిని పెద్దల ముందు ఎగతాళి చేయడం పాపం. సండే స్కూలులో మొదటి పావుగంటను అక్షరాలకు కేటాయించండి. పిల్లలు తమ పేరు రాయడం, ఆ తరువాత బైబిలులోని పుస్తకాల పేర్లు చదవడం, ఆ తరువాత రెండే వచనాలున్న 117వ కీర్తన, అయిదు వచనాల 100వ కీర్తన, ఆరు వచనాల 23వ కీర్తన, ఈ వరుసలో ఏడాదిలో సాధించగలరు. అప్పటికి ఏ పిల్ల అయినా ఆదివారం సంఘం ముందు ఒక కీర్తన చూసి చదవగలిగితే, ఇంట్లో తెలుగు పుస్తకం తెరిచే పిల్లలు పెరుగుతారు.

పిల్లల భద్రత గురించి ఎవరూ నొచ్చుకోకుండా మొదటే నియమాలు పెట్టండి. ఏ తరగతిలోనైనా ఇద్దరు పెద్దవారు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి, పిల్లలను ఒంటరిగా ఎవరి బండి మీదా పంపకూడదు. పిల్లలపై లైంగిక వేధింపు జరిగినట్లు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయవలసిందే. సంఘం పరువు కోసం లోపల మాట్లాడుకొని సర్దుబాటు చేయడం నేరం. పిల్లల సహాయవాణి 1098 నంబరును సండే స్కూలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

వానలకు ముందే ఒక జాబితా

2015 డిసెంబరులోనూ, మిచౌంగ్ తుపాను వచ్చిన 2023 డిసెంబరులోనూ వరద వచ్చింది సరిగ్గా మనం క్రిస్మస్ క్యారల్స్‌కు సిద్ధపడే ఆగమన కాలంలోనే. వేళచ్చేరి, ముడిచ్చూరు వంటి పల్లపు ప్రాంతాలలో కింది అంతస్తులో ఉండే వృద్ధుల పేర్లను అక్టోబరులోనే కుటుంబాల పుస్తకం నుంచి వేరు చేసి, ఒక్కొక్కరిని మెట్ట ప్రాంతంలోని ఒక కుటుంబానికి అప్పగించండి. సహాయ నిధిని ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, జమాఖర్చులు గుడి నోటీసు బోర్డు మీద ఉండాలి, సాయం పొందినవారి పేర్లు మాత్రం ఉండకూడదు.

జనవరి నుంచి: ఆసుపత్రుల పరిచర్య

సంఘం బయటివారికి చేయగల సేవలన్నింటిలోనూ చెన్నైలోని తెలుగువారికే ప్రత్యేకంగా అప్పగింపబడినది ఇదేనని నా నమ్మకం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, కడప జిల్లాల నుంచి రోగులు రోజూ సెంట్రల్ స్టేషన్‌లో దిగుతారు. ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, అడయారులో 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి స్థాపించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఎగ్మూరులో పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. వైద్యం బాగానే దొరుకుతుంది. అయితే చీటీ ఎక్కడ తీసుకోవాలి, రక్తపరీక్ష గది ఎటు, డాక్టరు తమిళంలో ఏమన్నారు అన్నది అర్థం కాక, పక్కనున్న మనిషి బిక్కమొహం వేసుకొని నిలబడతాడు. మీ పుస్తకంలో రెండు భాషలూ వచ్చినవారి పేర్లు ఉన్నాయి కదా. సండే స్కూలులో తెలుగు నేర్చుకుంటున్న ఆ పిల్లల అన్నలు, అక్కలు ఈ పనికి అందరికంటే తగినవారు.

ముందు ఒక్క ఆసుపత్రినే ఎంచుకోండి. అక్కడి అధికారులను కలిసి, మీరు మాట సాయానికి వస్తామని చెప్పి, అనుమతి తీసుకొని, సందర్శకుల వేళలోనే వెళ్ళండి. జలుబు, జ్వరం ఉన్నవారు ఆ రోజు వెళ్ళకూడదు. డాక్టరు చెప్పిన మాటను ఉన్నదున్నట్లు తెలుగులో చెప్పండి. మెత్తబరచవద్దు, సొంత సలహా కలపవద్దు, అర్థం కాకపోతే డాక్టరునే మళ్ళీ అడగండి. మందుల దుకాణంలో మాత్రల అట్ట మీద 1-0-1 అని రాసి ఇస్తారు. ఊరి నుంచి వచ్చిన పెద్దావిడకు దాని అర్థం తెలియదు. ఒక కవరు మీద "ఉదయం ఒకటి, రాత్రి ఒకటి" అని పెద్ద అక్షరాలతో రాసి, ఆ అట్టను అందులో పెట్టి, ఆమె చేత ఒకసారి తిరిగి చెప్పించండి. చదవడం రాకపోతే సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ వేయండి. ఇది అయిదు నిమిషాల పని. ఈ పరిచర్యలో ఇంతకంటే ముఖ్యమైన పని మరొకటి లేదు.

ఖర్చుల సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకాన్ని 2019 నవంబరులో చెన్నైలోని కొన్ని ఆసుపత్రులకు విస్తరించారు. ప్రస్తుతం దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు అది వర్తిస్తుందో చేరకముందే ఆసుపత్రిలో ఆ పథకం తరఫున సాయపడే ఆరోగ్యమిత్రను అడగమని రోగి బంధువులకు చెప్పండి, ఎందుకంటే డబ్బు కట్టి చేరిన తరువాత అడిగితే లాభం ఉండకపోవచ్చు. రక్తం కోసం యవనస్థుల జాబితా ఒకటి ఉండాలి. 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గని ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. ఒకసారి ఇచ్చిన తరువాత మగవారు మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి. అందుకే జాబితాలో ఎవరు చివరిగా ఎప్పుడు ఇచ్చారో రాసి ఉంచండి. స్త్రీల సమాజం వారు పప్పు, చారు, పెరుగన్నం పంపదలిస్తే, నర్సును అడిగిన తరువాతే రోగికి ఇవ్వండి. వెంట ఉన్నవారికైతే ఏ అడ్డూ లేదు, ఆకలితో ఉండేది ఎక్కువగా వారే.

ప్రార్థన చేయవచ్చా అని తప్పకుండా అడగండి, వద్దంటే చిరునవ్వుతో ఊరుకొని సాయం కొనసాగించండి. రోగి ఏ మతంవారైనా సాయం ఒక్కటే. మంచాల మీద కరపత్రాలు పెట్టడం, మందులు మానేసి విశ్వాసం ఉంచమనడం, స్వస్థత తప్పదని మాట ఇవ్వడం పూర్తిగా నిషేధం. ఒప్పుకున్నవారికి పక్క మంచానికి వినబడనంత మెల్లగా రెండు నిమిషాలు ప్రార్థించండి. 121వ కీర్తనలో ఎనిమిదే వచనాలు, నోటికి వచ్చి ఉంటే పుస్తకం తెరవనక్కరలేదు.

డిశ్చార్జి రోజున కాగితాలన్నీ ఒక కవరులో వరుసగా పెట్టి, తరువాతి చెకప్ తేదీని దాని పైన రాసి ఇవ్వండి. క్రైస్తవ కుటుంబమైతే వారి అనుమతితో సొంత ఊరి అయ్యగారికి ఫోను చేసి, వారం రోజుల్లో ఒకసారి ఆ ఇంటికి వెళ్ళమని అడగండి. చెకప్ తేదీని మీ పరిచర్య పుస్తకంలో కూడా రాసుకొని, ఆ ఉదయం స్టేషన్‌కు ఎవరు వెళ్ళాలో రెండు రోజుల ముందే నిర్ణయించి, వచ్చేవారికి ఆ మనిషి పేరు, ఫోను నంబరు తెలియజేయండి.